కొండకు పడిన గండి, ఆకాశం నుండి కొలత

ఢిల్లీకి ఉత్తరాన హిమాలయాలకు గుమ్మం వలె నిలిచిన శివాలిక్ కొండలు పేరుకే కొండలు. వాటిలో గట్టి రాయి తక్కువ. మెత్తని ఇసుకరాయి, బంకమన్ను, గులకరాళ్ళు కలిసిన గుట్టలవి. చెట్టు పోయి, మేకల గిట్టల కింద గడ్డి కూడా పోయిన చోట వాననీరు గీసిన చారిక జానెడు కాలువ అవుతుంది. కొన్నేళ్ళకు అదే, మనిషి దిగితే కనిపించని గండి అవుతుంది. ఆ మట్టిని, ఇసుకను మోసుకువచ్చి దిగువ పొలాలపై పరచే వాగులను పంజాబులో ‘చో’ అంటారు. వాటి బాధ పడలేక ఆనాటి ఆంగ్ల ప్రభుత్వం 1900లోనే ప్రత్యేక చట్టం చేసిందంటే వ్యాధి ఎంత పాతదో ఊహించవచ్చు.

చట్టం మేతను, నరకడాన్ని కట్టడి చేయగలదు గాని, ఏ గండి ఏడాదికెంత పెరుగుతున్నదో చెప్పలేదు. గొలుసు పట్టుకుని ప్రతి కొండా ఎక్కడం సాధ్యమా? 1972లో అమెరికా తొలి లాండ్‌శాట్ ఉపగ్రహాన్ని ప్రయోగించినప్పుడు ఆ పని ఆకాశానికి అప్పగించవచ్చునన్న ఆశ కలిగింది. అయితే దాని చిత్రంలో ఒక్కొక్క చుక్క నేలమీద సుమారు 80 మీటర్లకు సమానం. 1988లో మన ఐ.ఆర్.ఎస్.-1ఏ పంపిన మేలైన చిత్రాలలోనూ చుక్క 36 మీటర్లు. చంబల్ తీరాన బందిపోట్లు దాగిన మహాలోయలు వీటికి చిక్కాయి; కొండవాలు గండ్లు చిక్కలేదు. కనిపించేంతగా పెరిగిన గండి మందుకు లొంగదు. మందుకు లొంగే గండి కనిపించదు. చిక్కంతా అక్కడే ఉండేది.

2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 చుక్కను రెండున్నర మీటర్లకు కుదించింది. అంతేకాదు, ఒకే ప్రదేశాన్ని రెండు కెమెరాలతో రెండు కోణాల నుండి తీసింది. మన రెండు కళ్ళు దూరాన్ని పసిగట్టినట్లే, ఆ చిత్రాల తేడా నుండి నేల ఎత్తుపల్లాలు తేలుతాయి. 2019 నాటి కార్టోశాట్-3కి చుక్క సుమారు 25 సెంటీమీటర్లే. మన ఉపగ్రహాల చిత్రాలను అందుకునే కేంద్రం హైదరాబాదు సమీపాన షాద్‌నగర్‌లో ఉన్నదన్నది తెలుగువారు గుర్తుంచుకోదగిన సంగతి.

వానాకాలానికి ముందొక చిత్రం, తరువాతొక చిత్రం పక్కపక్కన ఉంచితే గండి తల ఎన్ని మీటర్లు పైకి పాకిందో, ఒడ్లు ఎంత విరిగాయో తెలుస్తుంది. ఆ వైశాల్యాన్ని లోతుతో గుణిస్తే పోయిన మట్టి ఎంతో తేలాలి. కాని అడుగున నీడ, అంచున పొదలు. రెండు మీటర్ల లోతు గండికి లెక్కలో మూడు మీటర్ల పొరపాటు వస్తే ఆ లెక్క ఏపాటిది? కనుక కొన్ని గండ్లలోకైనా మనిషి దిగి టేపు పట్టక తప్పదు.

చండీగఢ్‌లో సుఖ్నా సరస్సు గట్టున షికారు చేసే జనాన్ని చూసినప్పుడల్లా ఈ కొలతలు ఎవరికోసమన్న ప్రశ్న నన్ను వెంటాడుతుంది. 1958లో కట్టిన ఆ సరస్సు మూడు దశాబ్దాలలో దాదాపు సగం పూడిపోయింది. ఆ మట్టి ఎక్కడిదని వెతుకుతూ ఎగువకు వెళ్ళిన భూసంరక్షణ శాస్త్రవేత్త పి.ఆర్. మిశ్రా సుఖోమాజ్రి అనే పేద పల్లె చేరారు. ఆ పల్లె కొండవాళ్ళలోనే గండ్లున్నాయి. 1976లో అక్కడ చిన్న మట్టి ఆనకట్ట లేచింది. ప్రతి ఇంటికీ నీటిలో వాటా దక్కింది. బదులుగా పల్లెవారు మేకలను కొండకు తోలడం మానుకున్నారు. గడ్డి మొలిచింది, మట్టి నిలిచింది.

ఏ గండిని ముందు పట్టుకోవాలో చిత్రం చెబుతుంది. ఆ కొండ మీద ఎవరి మేకలు, ఎవరి పొయ్యి ఆధారపడి ఉన్నాయో చెప్పదు. ఢిల్లీ కార్యాలయాలలో రంగురంగుల పటాలకు కొదవలేదు. వాటి నకలు కొండ దిగువ పంచాయతీ గోడకు కూడా చేరాలని నేనంటాను. గండి జానెడుగా ఉండగానే నాలుగు రాళ్ళు అడ్డం పెట్టవలసిన చేతులు ఉన్నవి అక్కడే గదా!