మైకు ముందుకు రమ్మంటే

సోలాపూర్‌లో మన తెలుగువాళ్లుండే కుమఠా నాకాలో రేడియో బీడీలు చుట్టే ఇంటి వస్తువు, కార్ఖానాది కాదు. కార్ఖానాలో సాంచెల, అంటే మరమగ్గాల, నడుమ నిలబడితే పక్కవాడు చెవిలో అరిచినా సగమే అందుతుంది, అక్కడ మాటలన్నీ సైగలతోనే. గోడకు అవతల ఇంట్లో సంగతి వేరు. ఒళ్లో చాట, చాటలో తడిపి కత్తిరించిన తునికాకు, జర్దా, దారం ఉండ. చేయి తిరిగిన ఆడమనిషి వేళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి, చూపు కూడా వాటి మీద ఉండనక్కర్లేదు. చెవులకే పని లేదు. హైదరాబాదు కేంద్రం, వివిధభారతి, రాత్రి పూట గరగరల మధ్య సిలోన్ ఆ చెవుల కోసమే వచ్చేవి.

ఇంతగా విన్నవాళ్లలో ఒక్కరినైనా ఎవరైనా మైకు ముందుకు పిలిచారా?

వివిధభారతి తెలుగు శ్రోతలకు జనరంజని గుర్తుండే ఉంటుంది. సినిమా నటులో, గాయకులో వచ్చి తమకు నచ్చిన పాటలు ఏరి, మధ్యమధ్య ముచ్చట్లు చెబుతూ వినిపించేవారు. హిందీలో సైనికుల కోసం జయమాలకూ అలాగే తారలు వచ్చేవారు. బాగుండేవి, కాదనను. కానీ పిలుపు పేరున్నవాళ్లకే. కార్డు ముక్క మీద పాట కోరిన శ్రోతకు దక్కింది తన పేరు ఒక్క క్షణం వినబడటమే.

బయటి దేశాల కమ్యూనిటీ రేడియోల్లో మరో మర్యాద ఉంది. పొడుగు పాటల ప్రోగ్రెసివ్ రాక్ వంటి సంగీతానికి కేటాయించిన గంటను ఒకరోజు అభిమానికే అప్పగిస్తారు. నీ డిస్కులు నువ్వే తెచ్చుకో, నువ్వే మాట్లాడు అంటారు. ఆ సంగీతానికి అది అవసరం కూడా. జెత్రో టల్ బృందం 1972లో తెచ్చిన ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ ఒకటే పాట, డిస్కు రెండు వైపులా అదే. మూడు నిమిషాల పాటలకు అలవాటైన స్టేషన్ దాన్నేం చేసుకుంటుంది? ఏ మలుపు దగ్గర చెవి ఒగ్గాలో చెప్పగలిగేది దాన్ని వందసార్లు విన్నవాడే.

మనకూ అటువంటి పొడుగు పాటలున్నాయి. తెలంగాణలోని మన పాత ఊళ్లలో కూనపులి వాళ్లు గజాల కొద్దీ పటం చుట్ట విప్పుతూ మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పేవారు. బొమ్మ తర్వాత బొమ్మ, రాత్రి తర్వాత రాత్రి. ఏ స్టూడియో గడియారంలోనూ అది ఇమడదు.

ఈ ప్రత్యేక సంచికలో సోలాపూర్‌లోని మన పద్మశాలి విద్యాసంస్థ గురించి, మార్కండేయ ఆసుపత్రి గురించి రాయడానికి నాకన్నా తెలిసినవాళ్లున్నారు. నన్ను ఒక సంస్థ గురించి రాయమంటే మన హైదరాబాదు బస్సు దారిలోదాన్ని ఎంచుకున్నాను. ఉమర్గా, హుమ్నాబాద్ దాటాక జహీరాబాద్ వస్తుంది. దాని చుట్టుపక్కల పల్లెల్లో ఒకటి మాచ్‌నూర్. సంఘం రేడియో ఉన్నది అక్కడే.

డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి ఆ పల్లెల్లోని దళిత మహిళా సంఘాలతో, ముఖ్యంగా చిరుధాన్యాల సేద్యం మీద పనిచేస్తోంది. తమ విత్తనాల సంగతి తమ మాటలోనే చెప్పుకునే రేడియో ఒకటి కావాలనిపించింది ఆ ఆడవాళ్లకు. యునెస్కో సాయంతో తొంభైల చివర్లోనే స్టేషన్ కట్టేశారు. కట్టారు సరే, గాలిలోకి పంపే అనుమతి ఏదీ? పదేళ్ల దాకా కార్యక్రమాలు క్యాసెట్లలో నింపి, సంఘం కూటాల్లో పెట్టి వినిపించుకున్నారు. అంత కాలం ట్రాన్స్‌మిటర్ లేకుండానే రేడియో నడపడం నాకు ప్రసారం కన్నా పెద్ద పనిగా తోస్తుంది.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే చెప్పింది. వ్యాజ్యం రేడియోది కాదు, బెంగాల్ క్రికెట్ సంఘం మ్యాచ్‌ల ప్రసారానిది. అయినా సర్కారు 2002లో విద్యాసంస్థలకు, 2006 నవంబరులో గానీ స్వచ్ఛంద సంస్థలకు తలుపు తీయలేదు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది ఆ తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్.

నడిపేవాళ్లలో ఇద్దరి పేర్లు బాగా వినబడతాయి: ‘జనరల్’ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. రికార్డు చేసేదీ, కత్తిరించి అతికేదీ, మీటలు జరిపేదీ వాళ్లే. మైకు ముందుకు వచ్చేవాళ్లు కలుపు తీసి, కొర్రలూ జొన్నలూ దంచి, రాత్రికి తీరిక చేసుకున్న ఆడవాళ్లు. విత్తనం దాచే తీరు, ఇంటి వైద్యం, బతుకమ్మ పాటలు, పనిపాటలు. మాట్లాడేది ఆ పల్లెల తెలుగే, దాన్ని ఎవరూ దిద్దరు. అక్కడ అతిథి అని వేరే ఎవరూ లేరు. నిన్న విన్నామె ఇవాళ చెబుతుంది.

బీడీల లోకానికి ఇదేమీ కొత్త కాదు. కన్నూర్‌లో బీడీ కార్మికులు తమలో ఒకరిని పేపరు చదవడానికి కూర్చోబెట్టి, అతని వంతు బీడీలు మిగతావాళ్లు చుట్టి ఇచ్చేవారు. క్యూబా చుట్టల కార్ఖానాల్లో 1865 నుంచే చదివేవాళ్లున్నారు. వాళ్ల కూలి కార్మికులే చందా వేసుకుని ఇచ్చేవారు. మన వాడల్లో చాటలు ఇంటింటికీ విడిపోయాయి గనుక నడుమ మనిషి కూర్చోవడం కుదరదు. రేడియోకి ఆ ఇబ్బంది లేదు.

కమ్యూనిటీ రేడియోకి రేడియేషన్ శక్తి 100 వాట్ల దాకా ఇస్తారు, స్తంభం 30 మీటర్లు. కుమఠా నాకా, అశోక్ చౌక్, నీలం నగర్, అక్కల్‌కోట్ రోడ్డు వాడలకు అది చాలు. ఇబ్బందీ ఉంది: సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణివే యథాతథంగా వేసుకోవాలి. కార్ఖానా బంద్ అయిన సంగతి వార్తగా చెప్పలేం, దాని మీద కట్టిన పాట పాడవచ్చేమో. ఆ గీత ఎక్కడుందో లాయర్లే చెప్పాలి. మన విద్యాసంస్థలకు దరఖాస్తు చేసే అర్హత మాత్రం ఇరవై ఏళ్లకు పైగా ఉంది.

నేనిదంతా ఎందుకు పట్టుకున్నానంటే, మన పిల్లలు మరాఠీ బడిలో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఈ వ్యాసం అచ్చయ్యాక మా వీధిలో సగం మందికి నేనే చదివి వినిపించాలి. తెలుగు అక్షరం రాకపోయినా, నూలు పున్నమి రథం వెంట పాడే పాటలు, బతుకమ్మ చుట్టూ తిరిగే పాటలు తుదిదాకా వచ్చినవాళ్లు వాళ్లలో చాలామంది. వాళ్లకు కార్డు రాయమని చెప్పి లాభం లేదు. గంట సమయం ఇచ్చి, తలుపు దగ్గరకు చెప్పులు తెచ్చిపెట్టి, రమ్మని పిలవాలి.