ఆంగ్లపదముల రూపభేదములు

ఆంగ్లము నేర్చు బాలుడొకడు ‘స్ట్రాంగ్’ అనగా బలమైన అని తెలిసికొనును. బలము అని చెప్పవలసినపుడు ‘స్ట్రాంగ్‌నెస్’ అని వ్రాయును. ఉపాధ్యాయుడు దానిని కొట్టివేసి ‘స్ట్రెంగ్త్’ అని దిద్దును. బలపఱచుట యనుటకు ‘స్ట్రాంగెన్’ అని వ్రాసిన నదియు తప్పే, ‘స్ట్రెంగ్తెన్’ అనవలెనట! ఇదెక్కడి న్యాయమని బాలునకు తోచుట సహజము. కాని యీ మార్పులకు కారణము లేకపోలేదు.

ఆంగ్లభాష గ్రంథస్థము కాకపూర్వమే, విశేషణమునకు ఇకారముతో మొదలగు నొక ప్రత్యయమును చేర్చి నామవాచకమును చేయుచుండిరి. రానున్న ఇకారమునకై నాలుక ముందుగనే సిద్ధపడుటచే వెనుకనున్న అచ్చును మాఱెను. తెలుగున ‘అడుగు’ అను మాట ‘అడిగి’ యగునపుడు జరుగునది యిట్టిదే. తరువాత ఆంగ్లమున ఆ ఇకారము లోపించినది; మనిషి పోయినను అడుగుజాడ మిగిలినట్లు అచ్చుమార్పు మిగిలినది. ‘లాంగ్’ నుండి ‘లెంగ్త్’, మలినమను నర్థము గల ‘ఫౌల్’ నుండి ‘ఫిల్త్’ పుట్టినది యిట్లే. ఆహారమగు ‘ఫుడ్’ నుండి ఆహారమిచ్చుట యగు ‘ఫీడ్’, రక్తమగు ‘బ్లడ్’ నుండి రక్తము కాఱుట యగు ‘బ్లీడ్’ అను క్రియలును ఈ త్రోవనే వచ్చినవి.

ఇక ‘ఎన్’ అను ప్రత్యయము సంగతి. నల్లబఱచుట ‘బ్లాకెన్’, ఎఱ్ఱబఱచుట ‘రెడెన్’, తెల్లబఱచుట ‘వైటెన్’. మఱి పచ్చబఱచుట ‘గ్రీనెన్’ ఏల కాదు? ‘బ్లూ’ అను మాటకును ఇది చేరదేమి? క, ట, డ, ప, ఫ, స వంటి హల్లులతో ముగియు చిన్న మాటలకే సాధారణముగా నీ ప్రత్యయము చేరును. అచ్చుతోగాని అనునాసికముతోగాని ముగియు మాటలను అది సమీపింపదు. ‘స్ట్రాంగ్’, ‘లాంగ్’ అను మాటల తుద వ్రాతలో గకారము కనిపించినను ఆంగ్లేయుల నోట వినిపించునది అనునాసికమే. ‘హై’ అచ్చుతో ముగియును. కనుకనే ఈ మూడును నామవాచకముల నాశ్రయించి ‘స్ట్రెంగ్తెన్’, ‘లెంగ్తెన్’, ‘హైటెన్’ అయినవి. ‘డీప్’, ‘వైడ్’ లకు ఆ యిబ్బంది లేదు. ‘డెప్త్’, ‘విడ్త్’ అను నామములున్నను వానితో పని లేకుండ తిన్నగా ‘డీపెన్’, ‘వైడెన్’ అయినవి. బాలుని తప్పు తర్కములోనిది కాదు, చెవికి సంబంధించినది.

1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచిమాటలు వెల్లువగా వచ్చినవి. ‘ప్యూర్’, ‘ప్యూరిటీ’, ‘ప్యూరిఫై’ వంటివి ఆ వంశములోనివి. పూర్వపు క్రియాప్రత్యయములు అరిగిపోవుటచే కొన్ని మాటలు రూపము మార్చుకొనకయే రెండు పనులును చేయుచున్నవి. ‘వాటర్’ అనగా నీరు, నీరు పోయుటయు.

కొన్నింట అక్షరము మాఱదు. ఊనిక మాత్రము మాఱును. ‘రికార్డ్’ అను మాటను మొదటి భాగముపై నొక్కి పలికిన నామము, రెండవ భాగముపై నొక్కిన క్రియ. తెలుగున ఊనిక మాఱినంతమాత్రమున అర్థము మాఱదు గనుక మన చెవికీ భేదము మొదట చిక్కదు. నిఘంటువులో ఆ భాగము ప్రక్క నుంచు చిన్నగీతయే దానికి గుర్తు.