గుర్రం నీళ్లు ముట్టని నాడు

గత చలికాలంలో ఒకనాడు ఏలూరులోని మా మస్జిదులో జుహర్ జమాఅత్ ముగిసి, నమాజీలు ఇళ్లకు మరలుతున్నారు. వీధి మలుపులో వేపచెట్టు నీడన ఒక లారీ ఆగి ఉన్నది. నడివయసు మనిషి ఒకరు, ఆయన కుమారుడు కలిసి ఒక ఎర్రని గుర్రాన్ని వాలుబల్ల మీదుగా అడుగడుగునా ఆపుతూ కిందికి దించుతున్నారు. ఆ అబ్బాయి కొన్నేళ్ల కిందట మా మద్రసాలో నాజిరా చదివినవాడే. సలాము చేశాడు. ప్రతిసలాము చెప్పి, "మస్జిదు ముందు నిలబడి జమాఅత్ వదులుకున్నావేమి బేటా?" అని కొంచెం కటువుగానే అడిగాను.

"హజ్రత్, పొద్దుటినుంచి ఇది నీళ్లు ముట్టలేదు. దీన్ని దించి, నీడన కట్టి, తరువాత నమాజు చేద్దామని అబ్బాజాన్ అన్నారు" అని వాడు తలవంచుకున్నాడు.

ఆ మాట విన్న మరుక్షణం, అడిగినందుకు నేనే సిగ్గుపడ్డాను. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ఒకటి అబూదావూద్ గ్రంథంలో ఉన్నది. ప్రయాణంలో ఎక్కడైనా విడిది చేసినప్పుడు, వాహన జంతువుల మీది జీనులు, బరువులు దించిన తరువాతే తాము నమాజుకు ఉపక్రమించేవారమని దాని భావం. ఇక్కడ ఉద్దేశించినది నఫిల్ నమాజులని పండితులు వివరించారు. ఫర్జ్ నమాజుకు నిర్ణీత సమయం ఉన్నది, దానిని దాటనీయరాదు. అయితే ఆ సమయంలోపల మూగజీవికి ముందుగా ఊరట కలిగించటం సహాబాల పద్ధతికి దూరమైన పని కాదు. విద్యార్థులకు ఎన్నోసార్లు బోధించిన ఆ విషయం నాకే ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

జట్కా నుంచి దూర సవారీకి

ఆ కుటుంబానిది తాడేపల్లిగూడెం. అబ్బాయి తాతగారు ఒకప్పుడు గూడెం రైలుస్టేషను ముందు జట్కా తోలేవారు. ఆ రోజుల్లో మన కోస్తా పట్టణాలలో జట్కా మీద బ్రతికిన ముస్లిం కుటుంబాలు అనేకం. ఆటోలు వచ్చి జట్కాలు కనుమరుగైన తరువాత తండ్రి పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను అద్దెకిస్తూ ఇల్లు నడుపుతున్నారు. కుమారుడికి మాత్రం బ్యాండుమేళం నడుమ గుర్రాన్ని నిలబెట్టటం నచ్చలేదు. ఎండ్యూరెన్స్ రైడింగు అనే పోటీ గురించి తెలుసుకుని, ఆరునెలల పాటు తెల్లవారుజామున నిడమర్రు వైపు, కొల్లేటి చేపల చెరువుల గట్ల మీద గుర్రాన్ని తిప్పాడు. మొదట నడక, తరువాత మందగమనం, ఆపైన దౌడు. ఇప్పుడు మహారాష్ట్రలో జరుగనున్న 40 కిలోమీటర్ల పోటీకి బయలుదేరారు. పోటీ 40 కిలోమీటర్లే. అక్కడికి చేరటానికి గుర్రం లారీలో నిలబడవలసిన దూరం మాత్రం 900 కిలోమీటర్లకు అటూ ఇటూ.

ఈ పోటీ సంగతి మన పాఠకులలో చాలామందికి కొత్త కావచ్చు. ఇది రేసుకోర్సులో రెండు మూడు నిమిషాలలో ముగిసే పందెం కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1955లో మొదలైన టెవిస్ కప్పులో గుర్రం, రౌతు కలిసి 24 గంటల వ్యవధిలో 100 మైళ్ల కొండదారి దాటాలి. అంతర్జాతీయ పోటీలలో దారిని భాగాలుగా విభజిస్తారు. ప్రతి భాగం చివర పశువైద్యులు గుర్రాన్ని పరీక్షిస్తారు. నిర్ణీత వ్యవధిలో దాని గుండె వేగం నిమిషానికి 64కు దిగిరావాలి. చిగుళ్ల తడి, చర్మం సాగుడు, కడుపులో పేగుల చప్పుడు, నడకలోని తీరు అన్నీ చూస్తారు. కుంటు కనిపిస్తే పోటీ నుంచి తొలగిస్తారు. గమ్యాన్ని అందరికన్నా ముందు చేరినా, ఆ తరువాతి పరీక్షలో గుర్రం నిలువలేకపోతే ఆ గెలుపు లెక్కకు రాదు. అంటే, ఇక్కడ తీర్పు రౌతు కోరికను బట్టి కాదు, గుర్రం ఒంటిని బట్టి వెలువడుతుంది.

మదీనా మైదానంలో

ఈ నియమాలు చదివినప్పుడు నాకు బుఖారీలో హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించిన గుర్రపు పందెం జ్ఞాపకం వచ్చింది. దైవప్రవక్త (స) మదీనాలో గుర్రాలను రెండు వర్గాలుగా చేసి పరుగెత్తించారు. మేతను క్రమబద్ధం చేసి, ఒంటిని బిగించి తర్ఫీదు చేసిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా వరకు దూరం నిర్ణయించారు. అది అయిదారు మైళ్లు. అలా తయారుకాని గుర్రాలకు సనియ్యతుల్ వదా నుంచి బనీ జురైఖ్ మస్జిదు వరకు మాత్రమే. అది ఒక మైలు. ఇబ్నె ఉమర్ (రజి) స్వయంగా ఆ పందెంలో పాల్గొన్నారు. తర్ఫీదుకు తగిన దూరం, దూరానికి తగిన తర్ఫీదు అనే నియమం నేటి పోటీల వారికన్నా ఎన్నో శతాబ్దాల ముందే మదీనాలో ఆచరణలో ఉన్నది.

కనుక గుర్రపు పందెం స్వతహాగా నిషిద్ధం కాదు. నిషిద్ధమైనది జూదం. నిర్వాహకులు గానీ, మూడో వ్యక్తి గానీ తమవైపు నుంచి బహుమతి ప్రకటిస్తే ధర్మసమ్మతమే. పోటీదారులందరూ డబ్బు వేసుకుని, గెలిచినవాడు దానిని తీసుకునే పద్ధతి ఖిమార్, అనగా జూదం. పక్కన నిలబడి పందెం కాసేవారి సంగతి చెప్పనవసరం లేదు. ప్రవేశరుసుము ఎటు పోతున్నది, బహుమతి సొమ్ము ఎక్కడినుంచి వస్తున్నది అని ముందే విచారించుకోవటం మన బాధ్యత. ఈ అబ్బాయి ఆ సంగతి విచారించుకునే బయలుదేరాడు. రుసుము నిర్వహణ ఖర్చులకే పోతుందని, బహుమతి వేరొకరు ఇస్తున్నారని చెప్పాడు. నాకు సంతోషం కలిగింది.

లారీలో నిలబడటమూ శ్రమే

తండ్రి అనుభవజ్ఞుడు. లారీని శ్రద్ధగా అమర్చుకున్నారు. మనదేశంలో 1978 నాటి జంతు రవాణా నిబంధనలు గుర్రాల విషయంలో ఎంతో వివరంగా ఉన్నాయి. నేల మీద కాలు జారకుండా పరుపు ఉండాలి. పక్కలకు, వెనుకకు వెదురు గడలు, దుంగలు అడ్డుకట్టాలి. ఎదురొచ్చే బండ్లను చూసి బెదరకుండా తల ఎడమవైపుకు ఉండాలి. ఎక్కి దిగటానికి వాలుబల్ల ఉండాలి. ఒక లారీలో నాలుగు నుంచి ఆరు గుర్రాలకు మించరాదు. వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటరాదు. ఆ లెక్కన 900 కిలోమీటర్లకు చక్రాలు తిరిగే సమయమే 25 గంటలకు పైమాట.

కదిలే బండిలో గుర్రం విశ్రాంతిగా ఉండదు. ప్రతి మలుపులోనూ, ప్రతి బ్రేకుకూ నాలుగు కాళ్లతో నిలదొక్కుకుంటూనే ఉంటుంది. తల పైకి కట్టివేస్తే ముక్కులోని దుమ్ము, చీమిడి కిందికి కారే వీలు లేక ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. అందుకే కొన్ని గంటలకొకసారి ఆపి, దించి, తల కిందికి వాల్చి మేయనివ్వాలి. ఇవన్నీ తండ్రికి తెలుసు. అయితే ఒక్క విషయంలో పొరపాటు జరిగింది. ఇంటి నుంచి తెచ్చిన నీటి డబ్బాలలో ఒకటి దారిలో ఒలికిపోయింది, మిగిలినది చాలలేదు. గోదావరి కాలువ నీటికి అలవాటుపడిన గుర్రం భీమడోలులో పెట్టిన బోరునీటిని వాసన చూసి మూతి తిప్పుకున్నది. ఏలూరులోనూ అంతే. గుర్రాలు కొత్త నీటి రుచిని త్వరగా ఒప్పుకోవు. ప్రయాణానికి కొన్నాళ్ల ముందునుంచే ఇంట నీటిలో కొద్దిగా బెల్లం కలిపి అలవాటు చేస్తే, దారిలో ఏ ఊరి నీటిలోనైనా అదే రుచి కలిపి తాగించవచ్చు. ఈ ఉపాయం ఆనాడు వచ్చిన పశువైద్యుడు చెప్పగా తెలిసింది.

ఆ వైద్యుడు మెడ దగ్గర చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలారు. అది వెంటనే సర్దుకోలేదు. చిగుళ్లు పొడిగా ఉన్నాయి. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి గుండె సాధారణంగా నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. దీనికి 60. పేగుల చప్పుడు మందగించింది. "ఇలాగే తీసుకుపోతే దారిలో కడుపుశూల రావచ్చు. గుర్రాన్ని నడిరోడ్డు మీద పోగొట్టుకుంటారు" అన్నారు. మందు ఇచ్చి, ఉప్పు కలిపిన నీటిని గొట్టంతో పట్టించి, సాయంత్రందాకా కదలించవద్దన్నారు.

అబ్బాయి ముఖం చూడలేకపోయాను. ఆరునెలల తెల్లవారుజాములు, కట్టిన రుసుము, లారీ బాడుగ, ఊళ్లో స్నేహితులకు చెప్పిన మాటలు అన్నీ వాడి కళ్లలో కనిపిస్తున్నాయి. "సాయంత్రానికి కోలుకుంటే రాత్రికి బయలుదేరవచ్చు కదా హజ్రత్? పోటీకి ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి" అన్నాడు. తండ్రి ఏమీ మాట్లాడక నావైపు చూశారు.

నేను పశువైద్యుడిని కాను. నాకు తెలిసినది ఒక్కటే చెప్పాను. ఒకనాడు దైవప్రవక్త (స) ఒక అన్సారీ తోటలోకి వెళ్లారు. అక్కడున్న ఒంటె ఆయనను చూసి మూలిగింది, దాని కళ్లు చెమర్చాయి. ఆయన దాని చెవుల వెనుక నిమిరి, యజమాని ఎవరని అడిగారు. ఒక యువకుడు ముందుకు వచ్చాడు. నీ ఆధీనంలో ఉంచిన ఈ జీవి విషయంలో అల్లాహ్‌కు భయపడవా, దీనిని ఆకలితో మాడ్చి, శ్రమతో అలసిపోజేస్తున్నావని ఇది నాతో మొరపెట్టుకున్నది అనే భావంతో మందలించారు. "బేటా, ఆ ఒంటె తన మొర చెప్పుకోవటానికి దైవప్రవక్త (స) ఉన్నారు. నీ గుర్రం మొర చెప్పుకోవటానికి ఈ దారిలో నువ్వు తప్ప ఎవరున్నారు?" అన్నాను.

వాడు చాలాసేపు గుర్రం మెడ మీద చేయి వేసి నిలబడ్డాడు. తరువాత, "అబ్బా, ఇంటికి పోదాం" అన్నాడు.

మనకు దగ్గరైనదే మనం మరచినది

అల్ ఆదియాత్ సూరాలో అల్లాహ్ రొప్పుతూ పరుగెత్తే గుర్రాల మీద ప్రమాణం చేసి, ఆ వెనువెంటనే మానవుని కృతఘ్నతను ప్రస్తావించాడు. యజమాని కోసం గుర్రం శ్వాస తెగేదాకా పరుగెత్తుతుంది. దానికి 'ఇక చాలు' అని చెప్పటం రాదు. అది చెప్పలేని ఆ మాటను మనిషే చెప్పుకోవాలి.

ఈ విషయంలో మనం ఇతరులను వేలెత్తి చూపే స్థితిలో లేము. గుర్రానికి పుట్టినిల్లు అని మనం గర్వంగా చెప్పుకునే అరబ్బు గడ్డలోనే, ఈ దూర సవారీ పోటీలలో గుర్రాల సంక్షేమం, నిబంధనల ఉల్లంఘన కారణంగా 2015లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అశ్వక్రీడా సమాఖ్యను అంతర్జాతీయ సమాఖ్య కొన్ని నెలలపాటు సస్పెండు చేసింది. 2016లో దుబాయిలో జరుగవలసిన ప్రపంచ పోటీలు స్లొవేకియాకు తరలిపోయాయి. మరోవైపు కేరళలోని తిరూరుకు చెందిన ముస్లిం యువతి నిదా అంజుమ్ చేలాట్ 2023లో ఫ్రాన్సులో యువ రౌతుల ప్రపంచ పోటీలో 120 కిలోమీటర్లు, 2024లో పెద్దల ప్రపంచ పోటీలో 160 కిలోమీటర్లు పూర్తిచేసింది. యువ రౌతుల పోటీని పూర్తిచేసిన తొలి భారతీయురాలు ఆమె. ఆ దూరం పూర్తి కావటమంటే, దారి పొడవునా ప్రతి పరీక్షలోనూ గుర్రం ఆరోగ్యంగా నిలిచినదని అర్థం. మన పిల్లలకు చెప్పవలసిన విజయం అది.

ఆనాటి నమాజు గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. తండ్రీకొడుకులు జుహర్‌ను రెండు రకాతులుగా చేశారు. గూడెం నుంచి ఏలూరు 50 కిలోమీటర్ల లోపే అయినా, వారి సంకల్పం 77 కిలోమీటర్లకు మించిన దూరానిది. ఊరి పొలిమేర దాటినప్పటినుంచే వారు ముసాఫిర్లు. వెనుదిరగాలని నిశ్చయించుకున్నది అసర్‌కు ముందు. ప్రయాణదూరం పూర్తికాకముందే మరలాలని సంకల్పించినవాడు, హనఫీ ఫిఖహ్ ప్రకారం, ఆ క్షణం నుంచే ముఖీమ్ అవుతాడు. కనుక అసర్ నాలుగు రకాతులూ మా జమాఅత్‌లోనే చేశారు.

సలాము తరువాత బయటకు వచ్చి చూస్తే, గుర్రం తొట్టిలో మూతి పెట్టి నీళ్లు తాగుతున్నది. అబ్బాయి ఆ చప్పుడు వింటూ అల్హమ్దులిల్లాహ్ అన్నాడు. ఆరునెలల కష్టానికి వాడికి దక్కిన బహుమతి అదే. వచ్చే ఏడాది ముందుగానే నీళ్లు అలవాటు చేసి, రెండు రోజుల ముందే బయలుదేరి, దారిలో రెండు మజిలీలు పెట్టుకుని వెళ్తానన్నాడు. ఇన్షా అల్లాహ్, వెళ్తాడు.

మన ఆధీనంలో ఉన్న ప్రతి మూగజీవి మనకు అప్పగించిన అమానత్. అది కోడి కావచ్చు, మేక కావచ్చు, గుర్రం కావచ్చు. ప్రళయదినాన దాని లెక్క చెప్పవలసి ఉన్నదని గుర్తుంచుకునే హృదయాన్ని అల్లాహ్ మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.