పెద్దజాతి ఆడుకుక్కను ఎప్పుడు జత చేయవలెను?

తోటకావలికిని, మందకావలికిని పెద్దజాతి కుక్కలను పెంచు సభ్యులు మన గ్రామములలో పలువురు కలరు. "ఆడుకుక్క ఎదకు వచ్చినది, జత చేయవచ్చునా?" యని వారిలో కొందరు మమ్ము అడుగుచుందురు. ప్రశ్న చిన్నదే. కాని తొందరపాటు వలన కలుగు నష్టమును నోరులేని జీవి యనుభవింపవలసి వచ్చును గనుక, ఈ విషయమును కొంత విపులముగా వ్రాయ దలచితిమి.

పెయ్య తొలిసారి ఎదకు వచ్చినంతనే దానిని ఆబోతు కడకు తోలుకొనిపోవు రైతు అరుదు. ఒడ్డు పొడుగులు చూచును, ఎముక ముదిరినదో లేదో చూచును, తల్లి పాడి యెట్టిదో విచారించును. చాలదని తోచినచో మరికొన్ని మాసములు ఆగును. పశువు విషయమున ఇంత వివేకము గల మనము కుక్క విషయమున దానిని మరచుట వింత గాదా?

ఇందులకు రాజపాళయము జాతిని ఉదాహరణముగా గైకొందము. తమిళనాట విరుదునగర్ జిల్లాలోని రాజపాళయము, తెలుగు మాటలాడు రాజుల కుటుంబములు తరతరములుగా నివసించుచున్న పట్టణము. ఆ యూరి పేరనే వెలసిన యీ తెల్లని పొడుగుపాటి కుక్క బొమ్మతో 2005వ సంవత్సరమున భారత తపాలా శాఖ వారు బిళ్లను వెలువరించిరి. ఒడలెల్ల తెలుపు, ముక్కు గులాబి వన్నె. చూపునకు అందమే గాని, ఈ తెలుపుతో పాటు కొన్ని పిల్లలకు పుట్టుచెవుడు కూడ సంక్రమించుచుండును.

మేమెరిగిన యొక రైతు ఇట్టి ఆడుకుక్కను పదవ మాసమున, తొలి యెదయందే జత చేసెను. ఐదు పిల్లలు పుట్టినవి. ఎదుగుదల ముగియని తల్లి వానికి పాలిచ్చి యెముకల గూడయ్యెను. పిల్లలలో రెండు చెవిటివని తరువాత తేలినది. కొన్నవారు వానిని తిరిగి తెచ్చి విడిచిరి. అందొకటి వెనుక వచ్చు బండి చప్పుడు వినలేక చక్రము క్రింద పడి చచ్చెను. తల్లితోడబుట్టిన వానిలోను చెవిటివి యుండెనని విచారింపగా తెలిసినది. ఆ విచారణ ముందు చేసినచో ఈ దుఃఖము లేకపోవును.

కావున మొదట చూడవలసినది ప్రాయము. పెద్దజాతి ఆడుకుక్క సాధారణముగా తొమ్మిదవ మాసమునకును పదునెనిమిదవ మాసమునకును నడుమ తొలిసారి ఎదకు వచ్చును. కొన్ని రెండేండ్ల వరకు రావు. కాని ఎద వచ్చుట వేరు, ఒడలు పండుట వేరు. వీని యెముకల పెరుగుదల ఏడాదిన్నర వరకు, కొన్నిట అంతకు మించియు సాగును. అంతలో చూలు మోయించినచో తన యెముకకు చేరవలసిన సారము కడుపులోని పిల్లలకు పోవును. తొలి యెదను విడిచి, రెండేండ్లు నిండు వరకు ఆగుట మేలని మా యభిప్రాయము.

రెండవది ఆరోగ్యము. అల్సేషియను, లాబ్రడారు వంటి జాతులలో తుంటికీలు వదులుగా నుండు దోషము తరచుగా కానవచ్చును. అది వంశమున దిగును. రెండేండ్లు నిండిన పిదప తీయించిన ఎక్స్‌రే దీనిని చక్కగా తెలుపును. తెల్లకుక్కకు వినికిడి చూడవలెను. నిద్రించుచుండగా వెనుకనుండి, గాలి తగులకుండ చప్పట్లు చరచిన కొంత తెలియును. ఒక చెవి మాత్రమే వినబడని దానిని ఇట్లు కనుగొనజాలము, అందులకు యంత్రపరీక్ష వలయును. బ్రూసెల్లా అను అంటుజాడ్యము చూలు పోగొట్టును, మనుష్యులకు సైతము సోకును. కావున మగదానికిని ఆడుదానికిని నెత్తురు పరీక్ష చేయింపవలెను. టీకాలును, నులిపురుగుల మందును జతకు ముందే ముగింపవలెను. చూలుతో నున్నప్పుడు కొన్ని టీకాలు వేయరాదు.

మూడవది స్వభావము. ఊరక అదరిపడునదియు, ఇంటి బిడ్డలపై మొరుగునదియు ఎంత యందమైనను వంశమునకు పనికిరాదు. కావలికుక్క యన కరచుకుక్క గాదు. మగదాని విషయమునను ఈ పరీక్షలన్నియు సమానమే.

చట్టమును తెలిసికొనుట మంచిది. 2017వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము వారు కుక్కల పెంపకమును గూర్చి నిబంధనలు చేసిరి. వాని ప్రకారము పదునెనిమిది మాసములు నిండని ఆడుకుక్కను జత చేయరాదు. జీవితమున ఐదు ఈతలకు మించరాదు. జతకు ముందు పశువైద్యుని ధ్రువపత్రము వలయును. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. అమ్మకమునకై పెంచువారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలియందు నమోదు కావలెను.

ఇవన్నియు కుదిరిన పిమ్మట రక్తస్రావము కనబడిన మొదటి దినమును వ్రాసి యుంచవలెను. సుమారు తొమ్మిది దినములు గడచిన పిదప ఆడుకుక్క మగదానిని చేరనిచ్చును. చూలు కాలము సుమారు 63 దినములు. ఆ గడువు దాటినను, నొప్పులు ప్రారంభమై అరగంట గట్టిగా ముక్కినను పిల్ల రాకపోయినను, నాటు వైద్యమునకై కాలము పుచ్చక పశువైద్యుని పిలువవలెను.

కడపట చెప్పుచున్నను ముందు యోచింపవలసినది వేరొకటి కలదు. ఒక్క ఈతకు ఆరేడు పిల్లలు పుట్టవచ్చును. వానికి ఎనిమిది వారముల తిండి, టీకాలు, పిదప చేరదీయు నిండ్లు ఎక్కడ? పిల్లలను తీసికొనువారి పేర్లు జతకు ముందే వ్రాసికొనుడు. పేర్లు దొరకనిచో ఆ యేడు మానుకొనుడు. దొరకని పిల్లలు వీధి పాలగును, వీధికుక్కల బాధ మరల మన గొఱ్ఱెలకును బిడ్డలకును తప్పదు.

విత్తనము నేలలో వేయుటకు ముందు దానిని నీట వేసి, తేలిన తాలును తీసివేయు చేతులు మనవి. ఆ చేతులకు ఈ విషయమున మాత్రము తొందర తగదు. ఒక యెద విడిచిన నష్టము లేదు. ఆరేడు మాసములకో, ఏడాదికో అది మరల వచ్చును. తల్లి ప్రాణము పోయినచో మరల రాదు.