అరటిపండు ఎంతవరకు మందు?

కామాటిపుర గల్లీల్లో పొద్దున్నే బడికి బయలుదేరే పిల్లల్లో చాలామంది కడుపులో ఉండేది చాయ్, రెండు ఖారీ ముక్కలు. మూడో పీరియడ్‌కే వాళ్ల తలలు బల్లమీద వాలతాయి. అలాంటి బిడ్డకు తల్లి వెంటనే ఇవ్వగలిగింది అరటిపండు. పొయ్యి వెలిగించే పని లేదు, కడగడానికి గిన్నె లేదు. వంద గ్రాముల పండులో సుమారు 90 కేలరీల శక్తి, 350 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటాయి. బి6 విటమిన్ కూడా బాగానే ఉంటుంది. గుప్పెడు వేయించిన పల్లీలు తోడైతే మధ్యాహ్న భోజనం దాకా ఆకలి ఆగుతుంది. జల్‌గావ్ పెద్ద పండే కొనండి, యాలకి అరటికి ధర ఎక్కువ.

“పండు తింటే రక్తం పడుతుంది” అనే మాట మాత్రం నమ్మవద్దు. వంద గ్రాముల పండులో ఇనుము 0.3 మిల్లీగ్రాములే. ఆడపిల్ల పాలిపోయి కనిపిస్తే రక్తపరీక్ష చేయించండి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర మింగిందో లేదో అడగండి (కిటికీలోంచి బయటపడే మాత్రలు టీచర్లకు తెలియనివి కావు). మాత్ర వేసుకున్న వెంటనే చాయ్ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

2023 నవంబరులో మహారాష్ట్ర ప్రభుత్వం బడి భోజనంలో వారానికొక గుడ్డు, గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇవ్వాలని నిర్ణయించింది. 2025 జనవరిలో గుడ్లకు నిధులు ఆపేసింది. గుడ్డులో మాంసకృత్తులు ఆరు గ్రాములు, పండులో ఒక్క గ్రాము. ఈ రెండూ సమానం కావు. గుడ్డు తినే ఇల్లయితే ఆ లోటు ఇంట్లోనే తీర్చాలి.

వానాకాలంలో పండు జలుబు చేస్తుందని మానిపిస్తారు. జలుబు తెచ్చేది వైరస్, పండు కాదు. ఆ రోజుల్లో చాళ్లలో అసలు భయం విరేచనాలు. అక్కడ పచ్చి అరటికాయకు నిజంగానే పని ఉంది. విరేచనాలు ఎంతకీ తగ్గని పసిపిల్లలకు ఉడికించిన అరటికాయను అన్నంతో కలిపి పెడితే త్వరగా కట్టాయని బంగ్లాదేశ్ వైద్యులు 2001లో ప్రచురించారు. కాయలోని పిండిపదార్థం కొంత అరగకుండా పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మార్చి, పేగు ఉప్పునూ నీటినీ తిరిగి పీల్చుకునేలా చేస్తాయి. పండిన కొద్దీ ఆ పిండి చక్కెరవుతుంది. అందుకే షుగరున్న నానమ్మకు బాగా మాగిన పండు వద్దు. కిడ్నీ జబ్బున్నవారు డాక్టరునడిగే తినాలి.

అరటికాయ పెట్టినా ఓఆర్ఎస్, జింకు మానకూడదు. విరేచనంలో రక్తం కనిపించినా, బిడ్డ నీళ్లు తాగలేకపోతున్నా అరటికాయ ఉడికేదాకా ఆగకండి, నాయర్‌కో జేజేకో తీసుకెళ్లండి.