చిక్కుడు పూత రాలేదా? మందు కొట్టేముందు కాలం చూడండి, ఆకు చూడండి

పై వీడియోలో ఉన్నది మా పందిరి చిక్కుడు. వానాకాలంలో నన్ను చాలామంది అడిగేది ఒకటే: "తీగ పందిరంతా అల్లుకుంది, పూత మాత్రం లేదు. సూక్ష్మపోషకాల మందు కొట్టమంటున్నారు, కొట్టాలా?" డబ్బు పెట్టేముందు రెండు విషయాలు చూసుకోండి.

మొదటిది కాలం

మన నాటు పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూతకొస్తుంది. జూన్‌లో పెట్టినా, ఆగస్టులో పెట్టినా పూత చలి మొదలయ్యే రోజుల్లోనే. అప్పటిదాకా ఆకు వేస్తూనే ఉంటుంది. అది జబ్బు కాదు, దాని స్వభావం. ఏ మందూ పొద్దును తగ్గించలేదు. వేరే కాలంలో కాయ కావాలంటే అర్క జయ్, అర్క విజయ్ లాంటి పొద్దుతో పనిలేని పొట్టి రకాలు వేసుకోవాలి. వాటికైనా ఎండ ముదిరితే పూత రాలుతుంది.

రెండోది ఆకు

లేత ఆకు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదు. సున్నం ఎక్కువున్న నేలల్లో, నీరు నిలిచినప్పుడు ఇది ఎక్కువ. నేలలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. ముందు నీరు బయటికి తీయండి.

చివళ్లు గిడసబారి, పూత రాలి, కాయ వంకరపోతే బోరాన్ అనుమానించాలి. అది నీటితోనే వేరుకు చేరుతుంది కాబట్టి బెట్టలో అందదు. తడి ఇచ్చి ఆకులతో ఆచ్ఛాదన చేయండి. పేనుబంక వల్ల కూడా చివళ్లు ముడుచుకుంటాయి, ఆకు తిప్పి చూడటం మరవొద్దు.

కింది ఆకులు పాలిపోతే ఒక మొక్క పీకి వేరు బుడిపె కోయండి. లోపల గులాబీ రంగుంటే నత్రజని తయారవుతున్నట్టే. తెల్లగా ఉంటే ఆ పని జరగట్లేదు. దానికి మాలిబ్డినం కావాలి, ఆమ్ల నేలల్లో అది సరిగా అందదు.

నేను చేసేది

విత్తనానికి బీజామృతం, దుక్కిలో ఘనజీవామృతం, 15 రోజులకోసారి జీవామృతం, ఏడాదంతా ఆచ్ఛాదన. ఇవి నేలలో ఉన్నదాన్ని వేరుకు అందేలా చేస్తాయి. అసలు లేని బోరాన్‌ను మాత్రం పుట్టించలేవు. అందుకే మట్టి పరీక్ష చేయించండి. భూసార ఆరోగ్య కార్డులో జింక్, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్ వివరాలు ఉంటాయి. పరీక్ష లేకుండా బోరాన్ వేయొద్దు. చిక్కుడు జాతికి అది కాస్త ఎక్కువైనా ఆకు అంచులు మాడిపోతాయి.

ఈ ఏడు విత్తిన తేదీ, మొదటి పూత కనిపించిన తేదీ ఒక పుస్తకంలో రాసుకోండి. వచ్చే ఏడు పూత ఆలస్యమైతే, అది కాలం వల్లా నేల వల్లా అన్నది మీకే తెలుస్తుంది.