రంగు వేయని సైకిలు

"సార్, మీ సైకిలుకు రంగు వేయించడం మరచిపోయినట్టున్నారు" అని కార్యాలయ ద్వారం వద్ద కాపలా ఉండే సోదరుడొకరు 2017లో మమ్మల్ని ఎంతో సానుభూతితో హెచ్చరించారు. మరచిపోలేదని, అది టైటానియం కాబట్టి రంగు అవసరం లేదని మనవి చేశాము. ఆయన వెంటనే మా మణికట్టు వైపు చూశారు. టైటానియం అనగానే చేతి గడియారం గుర్తుకు రావడంలో ఆయన తప్పేమీ లేదు. ఆ మాట విన్న పదిమందిలో తొమ్మిదిమంది అలాగే చూస్తారు.

విశాఖపట్నంలో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసినవారికి సముద్రపు గాలి ఇనుమును ఎలా తింటుందో వేరుగా చెప్పనక్కరలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న నల్లని సైకిలు రిమ్ములను మేము మూడుసార్లు మార్పించాము. ఎంత నూనె పూసినా వానాకాలం వెళ్లేసరికి చువ్వల మొదళ్లలో ఎర్రని పొడి కనబడేది. అందువల్ల యాభై ఒకటవ ఏట రక్తంలో చక్కెర ఎక్కువై, వైద్యులు రోజూ గంటసేపు ఒళ్లు వంచాలని ఆదేశించినప్పుడు, తుప్పు పట్టని సైకిలే కొనాలని తీర్మానించుకున్నాము. గొర్రెపోటేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, సన్నని టైర్లు గల రోడ్డు సైకిలది. వెల మూడు లక్షల రూపాయలకు పైగానే అయింది. ఆ సొమ్ము డాబా మీద గది వేయడానికి దాచినది. మా శ్రీమతి సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంత పోసి కొన్నదానికి స్టాండు కూడా లేదేమండీ?" అన్నారు. స్టాండే కాదు, కారియరు, బెల్లు, మడ్‌గార్డులు కూడా లేవు. ఏదో ఒకటి చెప్పాలి గనుక, "ఇది తుప్పు పట్టదు, మన తరువాత అమ్మాయికి కూడా పనికివస్తుంది" అన్నాము. ఆ మాటను పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి.

ఈ లోహం మనకు పరాయిది కాదు. 1791లో ఇంగ్లండు దక్షిణ కొసన ఉన్న కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అనే మతాచార్యుడు నల్లని ఇసుకను పరీక్షించి, అందులో అంతవరకు ఎవరూ ఎరుగని లోహం ఉన్నదని గుర్తించాడు. జర్మనీ శాస్త్రవేత్త క్లాప్రోత్ 1795లో దానికి గ్రీకు పురాణాలలోని టైటానుల పేరు పెట్టాడు. అటువంటి నల్ల ఇసుకే మన భీమునిపట్నం తీరంలోనూ ఉంది. అందులోని ఇల్మెనైటు ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. ఇసుక చౌక, లోహం ఖరీదు. ఎందుకంటే టైటానియం ఆక్సిజన్‌ను ఒక పట్టాన విడువదు. ముందు ఖనిజాన్ని క్లోరైడుగా మార్చి, ఆ తరువాత మెగ్నీషియంతో విడగొడితే గాని లోహం చేతికి రాదు. లక్సెంబర్గుకు చెందిన క్రోల్ కనుగొన్న ఆ పద్ధతినే నేటికీ ప్రధానంగా వాడుతున్నారు. కేరళలోని చవరలో 2011లో ప్రారంభమైన కర్మాగారం స్పంజివంటి టైటానియంను తయారుచేస్తే, హైదరాబాదులోని మిశ్ర ధాతు నిగమ్ టైటానియం మిశ్రమాలను తయారుచేస్తుంది. ఆ రెండూ ప్రభుత్వ రంగ సంస్థలేనని చెప్పుకోవడంలో మాకు కొంత గర్వం లేకపోలేదు.

సైకిళ్లకు ఈ లోహం 1970లలోనే ఎక్కింది. ఇంగ్లండులో స్పీడ్‌వెల్, అమెరికాలో టెలిడైన్ సంస్థలు శుద్ధ టైటానియంతో ఫ్రేములు చేసి అమ్మాయి. తేలికగా ఉండేవి గాని, గట్టిగా తొక్కేవారి కింద ఊగేవన్న పేరు తెచ్చుకున్నాయి. విమానాలలో హైడ్రాలిక్ నూనె ప్రవహించే గొట్టాల కోసం తయారైన మిశ్రమం, అంటే నూటికి మూడు పాళ్లు అల్యూమినియం, రెండున్నర పాళ్లు వెనేడియం కలిసినది, సైకిళ్లలోకి వచ్చాక ఆ కొరత తీరింది. 1986లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో స్థాపితమైన మెర్లిన్ సంస్థ ఆ దారిలో ముందు నడిచింది. మా సైకిలు గొట్టాలూ ఆ మిశ్రమమే.

వెల్డింగు విభాగంలోని మిత్రులు ఒక సెలవు రోజున ఇంటికి వచ్చి ఆ అతుకులను భూతద్దంతో చూసి వెళ్లారు. బాగా కాలిన టైటానియం గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను పీల్చుకుని పెళుసెక్కుతుంది. కాబట్టి బయటా గొట్టం లోపలా ఆర్గాన్ వాయువు కప్పి ఉంచి అతకాలి. అతుకు వెండిలా మెరిస్తే మంచిది, లేత గడ్డిరంగు ఫరవాలేదు, ముదురు నీలమో బూడిద పొడో కనబడితే లోపల గాలి సోకిందన్నమాట. మా అతుకులు వెండిలాగే ఉన్నాయని మిత్రులు ధ్రువీకరించారు. టీ తాగి, ఇంత డబ్బు పెట్టడం మాత్రం అన్యాయమని కూడా ధ్రువీకరించారు.

తొక్కడం ఎలా ఉంటుందని అందరూ అడుగుతారు. నిజం చెప్పాలంటే మేము ఊహించినంత మహిమ లేదు. టైటానియం సాంద్రత ఉక్కులో అరవై శాతం కంటే తక్కువే. మా సైకిలు మొత్తం ఎనిమిదిన్నర కిలోలు తూగుతుంది. కార్బన్ ఫ్రేములు ఇంకా తేలిక. ఈ లోహం రోడ్డు అదురును మింగివేస్తుందని ప్రచారపత్రాలు చెబుతాయి. తొలి ఏడాది రామకృష్ణా బీచి నుండి భీమిలి వరకు, అంటే ముప్పై కిలోమీటర్ల లోపు దారిలో, మా మోచేతులు ఆ అదురునంతా స్వయంగా మింగాయి. ఆ తరువాత 23 మిల్లీమీటర్ల టైర్లు తీసి 28 మిల్లీమీటర్లవి వేయించి, గాలి 110 పౌండ్ల నుండి 80కి తగ్గించాము. సుఖం అప్పుడు తెలిసింది. ఆ సుఖానికి అయిన ఖర్చు నాలుగు వేలు. ఇక రంగు లేకపోవడం మాత్రం నిజంగా హాయి. గీత పడితే గీత, అంతే. రుషికొండ దగ్గర ఒకసారి గోడకు రాసుకుంటే పచ్చని పాత్రలు తోమే పీచుతో నాలుగుసార్లు రుద్దాము, గీత మాయమైంది. ఎవరు కలిసినా ఇది సంరక్షణ అక్కరలేని సైకిలని ఆరేళ్లపాటు చెప్పుకుంటూ తిరిగాము.

2023 సంక్రాంతికి చెన్నైలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి వచ్చింది. "నాన్నా, రేపు భీమిలి నేను వెళతాను" అన్నది. ఆమె మాకంటే నాలుగు అంగుళాలు పొట్టి, సీటు దించాలి. బోల్టు వదులు చేసి సీటు పట్టుకుని తిప్పితే కదలలేదు. ఇద్దరమూ తిప్పాము. చెక్క సుత్తితో కొట్టాము. రాత్రంతా నూనె నానబెట్టాము. కనుమనాడు ఒక మిత్రుడు వేడిగాలి యంత్రం తెచ్చి ఫ్రేమును కాచాడు. బిగుసుకున్నదాన్ని వేడి చేయడం ఇనుముతో బ్రతికినవారి అలవాటు. అది మరింత బిగిసింది. అమ్మాయి సైకిలు ఎక్కకుండానే చెన్నై వెళ్లిపోయింది. మా శ్రీమతి ఏమీ అనలేదు. డాబా మీద లేని గదిని గురించి కూడా ఏమీ అనలేదు.

సీటు గొట్టాన్ని రంపంతో కోసి తీయాలని, ఫ్రేముకు గాయమైతే తమ బాధ్యత లేదని ఒక దుకాణంవారు చెప్పారు. ఆఖరుకు మా వర్క్‌షాపులో పదవీ విరమణకు దగ్గరపడిన పెద్ద ఫిట్టరు గారికి చూపాము. ఆయన గోటితో తట్టి, "లోపలిది అల్యూమినియమా బాబూ? మరి కాస్తే లోపలిదే ముందు ఉబ్బిపోద్ది కదా. దీనికి నిప్పు కాదు, మంచు ఎట్టాలి" అన్నారు. లెక్క చూస్తే ఆయన మాట అక్షరసత్యం. వేడికి అల్యూమినియం టైటానియం కంటే రెండున్నర రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది, చలికి అదే నిష్పత్తిలో కుంచించుకుపోతుంది. మేము కాచిన కొద్దీ లోపలి గొట్టం బయటి గొట్టాన్ని మరింత ఒరుసుకున్నది.

ఐస్‌క్రీము సరఫరాదారు వద్ద డ్రై ఐస్ తెచ్చాము. భద్రతా విభాగంవారు కూడా ఈ పత్రిక చదువుతారు గనుక, చేతులకు మందపాటి తొడుగులు వేసుకున్నామనీ, కిటికీలు, తలుపులు తెరిచి ఉంచామనీ విన్నవిస్తున్నాము. ఫిట్టరు గారు సీటు తీసివేసి, సైకిలును తలక్రిందులు చేసి, సీటు గొట్టం తలను బల్లమీది వైసులో బిగించారు. పెడళ్ల ఇరుసు ఊడదీసి, ఆ రంధ్రంలోంచి మంచు ముక్కలు జారవిడిచారు. పావుగంట ఆగి ఫ్రేమునే పిడిలా పట్టుకుని తిప్పమన్నారు. మొదటిసారి ఏమీ కాలేదు. రెండవసారి మంచు నింపాక పాత గేటు తెరిచినట్టు ఒక కీచుమన్న చప్పుడు వచ్చింది, వెంట్రుకవాసి కదిలింది. ఆ చప్పుడుకు మాకు కళ్లనీళ్లు తిరిగాయని చెప్పడానికి సిగ్గుపడము.

బయటికి వచ్చిన గొట్టం ఒళ్లంతా తెల్లని పొడి, స్ఫోటకపు మచ్చలవంటి గుంటలు. ఫ్రేము లోపలిభాగం మాత్రం తుడిస్తే కొత్తదానిలా ఉంది. రెండు వేర్వేరు లోహాలు తాకుతూ ఉంటే, నడుమ ఉప్పుతేమ చేరినప్పుడు బలహీనమైనది కరుగుతుంది. ఆరేళ్ల సముద్రపు గాలి, మా చెమట ఆ పని చేశాయి. టైటానియంకు ఏమీ కాలేదు, దాని పొరుగువాడు కుళ్లిపోయాడు. కొన్ననాటి నుండి ఒక్కసారైనా ఆ గొట్టాన్ని పైకి తీసి కందెన పూయకపోవడం పూర్తిగా మా నిర్లక్ష్యమే. మన యంత్రశాలలలో రోజూ బోల్టులకు పూసే యాంటీ సీజ్ కాంపౌండు డబ్బా మా బల్లమీదే ఉండేది.

ఉగాదికి అమ్మాయి మళ్లీ వచ్చింది. కొత్త గొట్టానికి చిక్కగా కాంపౌండు పూసి దించాము. ఆమె ముందు, పాత నల్ల సైకిలు మీద మేము వెనుక, తెల్లవారకముందే బయలుదేరాము. తొట్లకొండ దాటాక ఆమె కనబడలేదు. భీమిలి చేరేసరికి రెండవ టీ తాగుతూ కూర్చుని ఉంది.

ఇప్పుడు ఆ గొట్టం మీద రెండు గీతలు ఉన్నాయి, పైది మాది, కిందిది ఆమెది. నాలుగు నెలలకొకసారి గొట్టం బయటికి తీసి తుడవాలి. ఆ తేదీలను మా శ్రీమతి వంటింటి కాలెండరులో గ్యాసు బుకింగు పక్కనే రాసి పెడుతున్నారు.